ఫ్రాతెర్, అఖ్, అన్న: తోబుట్టువు అనే మాటకు హద్దులు

రోగిని పరీక్షించే ముందు అతని కుటుంబచరిత్ర రాసుకోవడం వైద్యవిద్యలో తొలినాళ్ళలోనే నేర్పే పాఠం. తల్లిదండ్రులకు ఏ జబ్బులున్నాయి, తోబుట్టువులెందరు, వారిలో ఇంకెవరికైనా ఇదే బాధ ఉందా అన్నవి అందులో మామూలుగా వచ్చే ప్రశ్నలు. వీటిలో రెండవది అన్నిటికన్నా సులువుగా కనిపిస్తుంది. కాని మస్కట్ వంటి నగరంలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబులన్నీ ఒకే సంగతిని చెప్పవు. ఒమనీ రోగి "అఖూయ్" అని, అంటే "నా సోదరుడు" అని, చూపించిన మనిషి అతని తల్లి కడుపున పుట్టినవాడు కావచ్చు. తండ్రికి మరో భార్య వల్ల కలిగినవాడు కావచ్చు. పసితనంలో ఒకే స్త్రీ వద్ద పాలు తాగినవాడూ కావచ్చు. నిజామాబాదు నుంచో రాయచోటి నుంచో వలస వెళ్ళిన తెలుగు కార్మికుడు "మా అన్న" అంటే ఆ అన్న పెదనాన్న కొడుకు కావచ్చు, పెద్దమ్మ కొడుకు కావచ్చు, ఒకే గదిలో వంట పంచుకుంటున్న పక్క ఊరివాడూ కావచ్చు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అడిగినవారికి కావలసింది రక్తసంబంధపు లెక్క. చెప్పినవారు వాడింది తమ భాషలోని బంధుత్వపు మాట.

ఈ చిక్కు కొత్తది కాదు. రోమన్లకు కూడా సోదరుడికి ఒకే మాట ఉండేది: ఫ్రాతెర్. ఆ మాట ఎంత దూరం సాగిందో, ఎక్కడ చాలకపోయిందో, చాలని చోట రోమన్ న్యాయవేత్తలు దానికి ఏ విశేషణాలు తగిలించారో చూస్తే, నేటి ఒమన్ ఆసుపత్రుల్లో ఎదురయ్యే ప్రశ్న కొంత తేటపడుతుంది.

ఫ్రాతెర్‌ను మొదటిసారి విన్న తెలుగువారికి కూడా అది పరిచితంగానే తోస్తుంది. సంస్కృతంలోని భ్రాతృ శబ్దానికి అది దగ్గరి చుట్టం. సంస్కృతంలో పదం మొదట ‘భ’ ఉన్నచోట లాటిన్‌లో ‘ఫ’ రావడం క్రమం తప్పని మార్పు: మోయడమనే అర్థమున్న ‘భరతి’కి లాటిన్ ‘ఫెరో’ జత, ‘భూ’ ధాతువుకు ‘ఫుయీ’ జత. పారశీకంలో బరాదర్, రష్యన్‌లో బ్రాత్, జర్మన్‌లో బ్రూదర్, ఇంగ్లీషులో బ్రదర్ అన్నీ ఆ కుటుంబంలోనివే. అరబ్బీ రాజభాషగా ఉన్న ఒమన్‌లోనూ ఈ కుటుంబానికి కొదవ లేదు. అక్కడి బలూచీలు సోదరుణ్ణి బ్రాస్ అంటారు. నేటి పాకిస్తాన్‌లోని గ్వాదర్ రేవు 1958 వరకు ఒమన్ సుల్తానుల ఏలుబడిలోనే ఉండేది కనుక బలూచీ భాష మస్కట్‌కు పరాయిది కాదు. ముత్రహ్ బజారులో ప్రతి దుకాణం ముందూ వినిపించే ‘భాయీ’ కూడా భ్రాతృ శబ్దం ప్రాకృతాల్లో అరిగి మిగిలిన రూపమే. తెలుగు అన్న, అరబ్బీ అఖ్ మాత్రం ఈ వంశానికి చెందవు. ఒకటి ద్రావిడ భాషలది, రెండవది సెమిటిక్ భాషలది.

గ్రీకు భాషలో ఈ మాటకు పట్టిన గతి ఆలోచింపజేస్తుంది. అక్కడ ‘ఫ్రాతేర్’ అనే రూపం నిలిచింది కాని దాని అర్థం మారిపోయింది. ఫ్రాత్రియా అనే కులకూటమిలో సభ్యుడు అన్నదే దానికి మిగిలిన అర్థం. ఏథెన్స్‌లో ఏటా జరిగే అపతూరియా పండుగనాడు తండ్రులు తమ బిడ్డలను ఈ కూటమి పట్టికలో చేర్పించేవారు. పౌరసత్వపు వివాదాల్లో ఆ నమోదు సాక్ష్యంగా పనికివచ్చేది. అలా పాతమాట కూటమికి అంకితమైపోయాక కూడబుట్టినవాడికి గ్రీకులు వేరే మాట కల్పించుకోవలసి వచ్చింది. అదే అదెల్‌ఫోస్. అ- అంటే ఒకే, దెల్‌ఫుస్ అంటే గర్భం; ఒకే గర్భాన పుట్టినవాడు. సంస్కృతంలో సోదరుడు కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో ఏర్పడ్డ మాట: సమానమైన ఉదరం గలవాడు. తెలుగు తోబుట్టువు, తోడబుట్టినవాడు అనే మాటలు గర్భాన్ని పేర్కొనవు, పుట్టుకలోని తోడును మాత్రమే చెబుతాయి. సోదరుడికి, భ్రాతకు తేడా లేదనుకుని వాడుకునే మనకు ఆ మాటలే వేరు వేరు నిర్వచనాలు చెబుతున్నాయన్నమాట.

రోమ్‌లో ఫ్రాతెర్ అటు రక్తాన్నీ ఇటు కూటమినీ ఒంటిచేత్తో మోసింది. పొలాల పంటకోసం పూజలు చేసే పన్నెండుమంది పురోహితుల సంఘానికి ఫ్రాత్రెస్ అర్వాలెస్ అని పేరు. గాల్ దేశంలోని ఎడూయి తెగకు రోమన్ సెనేట్ సోదరులు, ఏకరక్తులు అన్న బిరుదు ఇచ్చిందని సీజర్ తన యుద్ధవృత్తాంతంలో రాశాడు. ఇక ఉత్తర ఇంగ్లండ్‌లో హేడ్రియన్ గోడకు చేరువనున్న విందొలాందా అనే సైనిక స్థావరంలో 1973 నుంచి తవ్వి తీసిన పలుచని చెక్కపలకల మీద, క్రీ.శ. 100 ప్రాంతపు ఉత్తరాలు దొరికాయి. సామ్రాజ్యం నలుమూలల నుంచి వచ్చి ఆ చలిదేశంలో కొలువు చేస్తున్న సైనికులు, అధికారులు ఒకరినొకరు ఫ్రాతెర్ అని సంబోధించుకున్నారు. వారిలో చాలామంది మధ్య చుట్టరికం లేదు. ఇంటికి దూరంగా, ఒకే కప్పు కింద, జీతంకోసం ఉంటున్న మగవారు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో రూవీలోని కార్మికుల గదులు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. ఒక తేడా ఉంది. ఫ్రాతెర్‌కు, అఖ్‌కు వయసుతో పని లేదు. తెలుగులో మాత్రం పరాయివాణ్ణి సోదరుణ్ణి చేసుకునే ముందు అతడు పెద్దో చిన్నో తేల్చుకోవాలి. తేలకపోతే మర్యాద కోసం అన్నా అనేస్తాం. ఉద్యమాలు, పార్టీలు కూడా అన్నలనే పెంచాయి గాని తమ్ముళ్ళను నాయకులుగా చేసినట్టు కనబడదు.

ఇలా అందరికీ పంచిపెట్టాక, ఆస్తి పంచవలసి వచ్చినప్పుడు ఒట్టి ఫ్రాతెర్ చాలదు. అందుకే రోమన్ న్యాయం మూడు విశేషణాలు చేర్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకరే అయితే ఫ్రాతెర్ గెర్మానుస్. తండ్రి ఒకడై తల్లులు వేరైతే కాన్‌సాంగ్వినేయుస్, ఏకరక్తుడు. తల్లి ఒకతై తండ్రులు వేరైతే ఊతెరీనుస్, ఏకగర్భుడు. తండ్రి పక్షానికి రక్తం, తల్లి పక్షానికి గర్భం అన్న ఈ విభజనలో పాతకాలపు శరీరశాస్త్రం దాగి ఉంది. తల్లి రక్తం లెక్కలోకి రాలేదు. క్రీ.శ. 543లో జస్టీనియన్ చక్రవర్తి చేసిన 118వ శాసనం వారసత్వంలో ఒకే తల్లిదండ్రుల బిడ్డలను సగం తోబుట్టువులకన్నా ముందు నిలబెట్టింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూడా ఈ మూడు రకాలను నిర్వచించి, 18వ సెక్షన్‌లో, తక్కిన అన్ని విధాలా సమానమైనప్పుడు పూర్తిరక్తానికే మొగ్గు చూపింది. తెలుగునాట ఆస్తి తగాదాలు విన్నవారికి సవతితమ్ముడి మాట తెలిసే ఉంటుంది. ఆ మాట వెనక ఇంత పాత కథ ఉంది.

ఈ విశేషణాల్లో ఒకటి కాలక్రమాన తన నామవాచకాన్నే మింగేసింది. గెర్మానుస్ అంటే ఒకే మొలక నుంచి వచ్చినవాడు. ఐబీరియాలో ఫ్రాతెర్‌ను చర్చి తన సన్యాసుల కోసం ఎక్కువగా వాడుకోవడంతో, ఇంట్లో సోదరుడికి గెర్మానుస్ ఒక్కటే మిగిలి, స్పానిష్‌లో ఎర్మానో, పోర్చుగీసులో ఇర్మావ్ అయింది. ఫ్రాతెర్ మఠంలో ఉండిపోయి ఫ్రెయ్, ఫ్రాదె అయింది. గ్రీకులో జరిగినదే మరోసారి జరిగింది: కూటమి పాతమాటను పట్టుకుపోతే ఇల్లు కొత్తమాట వెతుక్కుంది. 1507లో అల్బుకెర్క్ మస్కట్‌ను కొల్లగొట్టినప్పటి నుంచి 1650లో ఒమనీలు తరిమివేసేదాకా పోర్చుగీసులు అక్కడ ఉన్నారు కనుక ఈ రెండు మాటలూ ఆ రేవులో వినిపించాయి. జలాలీ, మీరానీ కోటల్లోని సిపాయిల నోట ఇర్మావ్, అక్కడి అగస్టీనియన్ సన్యాసుల పేర్ల ముందు ఫ్రెయ్. కోటలు నిలిచాయి, మాటలు పోయాయి. నేడు ఒమన్ ఆసుపత్రుల్లో భారతీయ నర్సులను సిస్టర్ అనీ, మగ నర్సులను బ్రదర్ అనీ పిలవడం మాత్రం ఆ సన్యాసుల సంప్రదాయపు తోకే. ఐరోపాలో రోగులకు సేవ చేసినవారు శతాబ్దాలపాటు మఠాలకు చెందిన ఫ్రాత్రెస్, సొరోరెస్.

అరబ్బీ న్యాయం రోమన్ న్యాయంతో నిమిత్తం లేకుండా అదే త్రిపుటిని తయారు చేసుకుంది. తల్లీతండ్రీ ఒకరే అయిన సోదరుడు షకీక్. చీల్చడం అనే ధాతువు నుంచి వచ్చిన ఆ మాటకు ఒకే వస్తువు చీలగా ఏర్పడ్డ సగభాగమని అర్థం. మొలక కన్నా ఈ ఉపమానమే బాగుందని ఒప్పుకోవాలి. తండ్రివైపు మాత్రమే సోదరుడైతే అఖ్ లి-అబ్, తల్లివైపు మాత్రమే అయితే అఖ్ లి-ఉమ్. ఈ తేడా ఖురాన్ నాలుగవ అధ్యాయంలోని వాటాల లెక్కకు ఆధారం. సంతానమూ తండ్రీ లేకుండా చనిపోయినవారి ఆస్తిలో తల్లివైపు సోదరుడు ఒక్కడే ఉంటే ఆరోవంతు. ఇద్దరూ ఆపైన ఉంటే ఆడా మగా తేడా లేకుండా మూడోవంతును సమంగా పంచుకుంటారు. షకీక్‌కు వాటాలు పోగా మిగిలినది దక్కుతుంది. అతడుంటే అఖ్ లి-అబ్‌కు ఏమీ రాదు. 1997లో 32వ రాజాజ్ఞగా వెలువడిన ఒమన్ వ్యక్తిగత హోదా చట్టం కూడా ఈ సూత్రాల మీదే నడుస్తుంది. నలుగురు భార్యల వరకు అనుమతి ఉన్న దేశంలో ఇది పుస్తకాలకే పరిమితమైన లెక్క కాదు.

నాలుగో రకం సోదరుడు పాలసోదరుడు. ఒకే స్త్రీ పాలు తాగిన పసిపిల్లలు ఇస్లామ్‌లో అన్నాచెల్లెళ్ళవుతారు. వారి మధ్య పెళ్ళి నిషిద్ధం. వారసత్వం మాత్రం లేదు. ఎన్నిసార్లు తాగితే ఈ బంధం ఏర్పడుతుందన్న దాని మీద న్యాయశాఖల మధ్య భేదాలున్నాయి. లాటిన్‌లోనూ పాలతోడుకు మాట ఉంది, కొల్లక్తానేయుస్. దానికి కొంత న్యాయబలమూ ఉంది: ఇరవై ఏళ్ళు నిండని యజమాని బానిసను విడిపించకూడదన్న నియమానికి ఇచ్చిన మినహాయింపుల్లో పాలతోడు ఒకటి. తన దాది బిడ్డను విడిపించుకోవడం తగిన కారణమేనని రోమన్లు ఒప్పుకున్నారు. పెళ్ళికి అడ్డమని మాత్రం అనలేదు. నెలలు నిండని శిశువులకు దాతల పాలు ఇచ్చే పాలబ్యాంకులు ముస్లిం దేశాల్లో సులభంగా వేళ్ళూనకపోవడానికి కారణం ఇదే. ఎవరి పాలు ఎవరు తాగారో తెలియకపోతే, పాతికేళ్ళ తర్వాత ఒక పెళ్ళి తెలియకుండానే నిషిద్ధం కావచ్చు. 1985లో జెద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీయ న్యాయ అకాడమీ సమావేశం పాలబ్యాంకులు వద్దని తీర్మానించింది. దాత పేరు తల్లికి తెలిపి, రాసిపెట్టి ఇవ్వడం కొన్నిచోట్ల దొరికిన దారి. పాలు తాగినంత మాత్రాన జన్యువులు పంచుకున్నట్టు కాదని వైద్యుడికి తెలుసు. కాని తల్లి భయం జన్యువుల గురించి కాదు.

దత్తత విషయంలో రోమ్, అరేబియా ఎదురెదురు దారులు పట్టాయి. ఆంటొనీనుస్ పియుస్ దత్తత తీసుకున్న మార్కుస్ ఔరేలియుస్, లూకియుస్ వేరుస్ చట్టం దృష్టిలో సోదరులు, క్రీ.శ. 161 నుంచి కలిసి రాజ్యమేలారు. ఖురాన్ మాత్రం పెంపుడు బిడ్డను కన్నతండ్రి పేరుతోనే పిలవమని, ఆ పేరు తెలియకపోతే అతడు ధర్మంలో సోదరుడని చెబుతుంది.

ఇక సోదరుల కొడుకుల దగ్గరకు వస్తే తెలుగువారికి అసలైన ఆశ్చర్యం ఎదురవుతుంది. రోమన్ న్యాయవేత్తలు తండ్రి సోదరుల పిల్లలను పత్రుయేలెస్ అనీ, తల్లి అక్కచెల్లెళ్ళ పిల్లలను కొన్‌సొబ్రీని అనీ, మేనత్త మేనమామల పిల్లలను అమితీని అనీ విడదీశారు. మాటల్లో పత్రుయేలిస్‌ను తరచు ఒట్టి ఫ్రాతెర్ అనేసేవారు. పెదనాన్న, బాబాయి, పెద్దమ్మ, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనత్త మేనమామల పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు అన్న తెలుగు విభజనకు ఇంత దగ్గరగా వచ్చే లెక్క ఐరోపాలో మరోచోట వెంటనే తట్టదు. కాని తెలుగులో ఆ గీత పెళ్ళి కోసం గీసింది. అన్న వరసవారితో పెళ్ళి ఊహించరానిది, బావ వరసవారితో మేనరికం ముచ్చటైనది. అరబ్బులు నలుగురినీ నాలుగు పేర్లతో పిలుస్తారు, వారిలో పెళ్ళికి అన్నిటికన్నా మెచ్చుకునేది తండ్రి సోదరుడి కూతురిని, బింత్ అమ్మ్‌ను. (ఈ అమ్మ్ మన అమ్మ కాదు, బాబాయి, అమ్మను వారు ఉమ్మ్ అంటారు.) అంటే ఒమన్‌లో పెళ్ళికూతురిగా మొదట తలచుకునే అమ్మాయి తెలుగు లెక్కలో చెల్లెలు. మనకు ముచ్చటైన మేనమామ కూతురు ఉత్తర హిందూస్థానంలో చెల్లెలు. ఎవరికి వారు ఎదుటివారి ఆచారం విని ముక్కున వేలేసుకుంటారు.

జన్యుశాస్త్రం ఈ ముగ్గురిలో ఎవరి పక్షమూ వహించదు. బాబాయి కూతురైనా మేనమామ కూతురైనా ఆ దంపతులు సగటున తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు. వారి బిడ్డకు ఒక జన్యుస్థానంలో ఒకే పూర్వీకుడి నుంచి రెండు ప్రతులూ రాగల అవకాశం పదహారింట ఒకటి. మేనమామ మేనకోడలిని చేసుకుంటే అది ఎనిమిదింట ఒకటి. ఎందుకంటే ఆ ఇద్దరి మధ్య పంపకం ఒక తండ్రి, ఇద్దరు తల్లుల బిడ్డల మధ్య ఉన్నంత. సవతితమ్ముడు, సవతిచెల్లెలు పెళ్ళి చేసుకుంటారంటే చెవులు మూసుకునే ఊరు అక్కకూతురి పెళ్ళికి పందిరి వేస్తుంది. ఎక్స్ క్రోమోజోమ్ విషయంలో మాత్రం చిన్న తేడా ఉంది. మగవాడికి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కనుక, బాబాయి కూతురిని గాని మేనత్త కూతురిని గాని చేసుకున్నవాడు తన కూతురికి ఇచ్చే ఎక్స్‌కు ఆ చుట్టరికంతో సంబంధం ఉండదు. మేనమామ కూతురిని చేసుకుంటే ఉంటుంది. మగవారిలో సుమారు నాలుగోవంతు మందికి జీ-6-పీ-డీ ఎంజైమ్ లోపమున్న ఒమన్‌లో, ఆ లోపం ఎక్స్ మీదే ఉంటుంది కాబట్టి, బింత్ అమ్మ్ ఆచారం ఆడపిల్లలకు ఆ ఒక్క విషయంలో అదనపు హాని చేయలేదు. తక్కిన వాటిలో ఆ ఊరట లేదు. 2000లో రజబ్, పాటన్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఒమన్ పెళ్ళిళ్ళలో సుమారు 56 శాతం బంధువర్గంలోనో, తెగలోనో జరిగినవి. అందులో పినతండ్రి, మేనమామ వంటి దగ్గరి వరసల పిల్లల మధ్య జరిగినవి 24 శాతం.

అందుకే సికిల్ సెల్ వ్యాధి, థలసీమియా అక్కడి ఆసుపత్రులకు నిత్యకృత్యం. ఒమనీయుల్లో సుమారు 6 శాతం మంది సికిల్ సెల్ జన్యువును ఒక ప్రతిగా మోస్తున్నారు. ఎముక మజ్జ మార్పిడి ఈ వ్యాధులను నయం చేయగల చికిత్స. సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో అది 1994లో మొదలయింది. దాత కోసం మొదట వెతికేది తోబుట్టువుల్లోనే. ఇక్కడే లాటిన్ విశేషణానికి ప్రాణం వస్తుంది. హెచ్‌ఎల్‌ఏ అనే కణజాలపు గుర్తుల్లో సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి ఒక్కొక్క మూటగా వస్తాయి. గెర్మానుస్ లేక షకీక్ అయితే రెండు మూటలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తండ్రి ఒకడై తల్లులు వేరైతే ఒక మూట కలవవచ్చు; రెండవది మామూలుగా కలవదు. పదిమంది అఖూయ్‌లు ఉన్నారని విని సంతోషించిన వైద్యుడు వారిలో షకీక్‌లు ఇద్దరేనని తెలిస్తే లెక్క మార్చుకోవాలి. ఒమన్‌లో దీనికి మరో మలుపు ఉంది: ఆ ఇద్దరు తల్లులూ చుట్టాలే అయితే, దగ్గరి పెళ్ళిళ్ళ వల్ల ఒకే మూట రెండు దారుల్లో వచ్చి, సవతిసోదరుడో బాబాయి కొడుకో పూర్తిగా సరిపోవచ్చు. జబ్బు తెచ్చిన ఆచారమే దాతనూ తెస్తుంది. కనుక రక్తసంబంధపు పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్నచోట వెతుకులాట ఇంటి గడప దగ్గర ఆపకూడదు.

తెలుగు కార్మికుడికి వచ్చే చిక్కు వేరు. మూత్రపిండాలు చెడి ఇంటికి తిరిగివచ్చినవాడికి "మా అన్న ఇస్తానన్నాడు" అన్న ధైర్యం ఉంటుంది. మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం దగ్గరి బంధువుల జాబితాలో సోదరుణ్ణి చేర్చింది. 2011 సవరణ తాతలను, అమ్మమ్మ నాయనమ్మలను, మనవలను కూడా కలిపింది. పెదనాన్న కొడుకు ఆ జాబితాలో లేడు. అతడు ఇవ్వకూడదని కాదు. అనుమతి కోసం అధికార కమిటీ ముందు నిలబడాలి, డబ్బు ప్రసక్తి లేదని, ప్రేమతోనే ఇస్తున్నాడని నిరూపించుకోవాలి. పుట్టినప్పటి నుంచి అన్నా అని పిలిచినవాడు కాగితం మీద అన్న కాడని ఆ కుటుంబానికి చెప్పడం ఆసుపత్రిలో సమన్వయకర్త చేసే కష్టమైన పనుల్లో ఒకటి. డయాలిసిస్ మీద ఉన్నవాడికి కాగితాలకు పట్టే ఒక్కొక్క నెలా బరువే. వరస తెలిసిన మొదటిరోజే ఆ సంగతి చెబితే కాగితాల పని ఆనాడే మొదలవుతుంది.

జన్యువైద్యులు గీసే వంశవృక్షంలో మాటలు ఉండవు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. దంపతుల మధ్య ఒక గీత, వారు రక్తసంబంధులైతే జంట గీత. బిడ్డలందరూ ఒకే అడ్డగీత నుంచి దిగుతారు. సవతిసోదరుడికి అదే తండ్రి నుంచి మరో గీత. పాలసోదరుడికి, గదిలోని అన్నకు అసలు గీతే లేదు. ఆ బొమ్మ సరిగా రావాలంటే ఒమన్‌లో గాని తెలంగాణలో గాని "మీకు సోదరులెందరు?" అని అడిగి ఊరుకుంటే చాలదు. మీ ఇద్దరినీ కన్న తల్లి ఒకరేనా, తండ్రి ఒకరేనా అని విడివిడిగా అడగాలి. ఆ తరువాత, అంత తేలికగా నోరు పెగలని మరో ప్రశ్న ఉంది: మీ అమ్మానాన్నలు పెళ్ళికి ముందు ఒకరికొకరు ఏమయ్యేవారు? నిజ్వా నుంచి వచ్చిన రోగి చాలాసార్లు బింత్ అమ్మ్ అంటాడు. తెలుగు రోగి కాసేపు ఆలోచించి, మా నాన్న మా అమ్మకు మేనమామే కదా అంటాడు.